పనస చెక్కలో వైరుకు దారి

గుణుపురంలో మా మేనమామ గారి పెంకుటిల్లు విప్పినప్పుడు దూలాలన్నీ టేకువే అనుకున్నారు. వంటింటి మీది దూలం ఒక్కటి మాత్రం పనసది. ఏళ్ల తరబడి పొయ్యి పొగ పట్టి బొగ్గులా నల్లబడింది. రంపం పెట్టగానే లోపల పసుపుకొమ్ము విరిచినట్టు రంగు బయటపడింది. ఆ దూలం నాకిమ్మని అడిగాను. చెదలు తాకని, పగుళ్లు లేని భాగం ఏరి కోయిస్తే రెండు ఎలక్ట్రిక్ గిటార్లకు సరిపడా చెక్క తేలింది. మొదటిది నా తొందరపాటు వల్ల పాడైపోయింది. రెండోదాన్ని ఇప్పుడు రోజూ వాయిస్తున్నాను. రెండింటికీ తేడా అంతా చెక్క లోపల వైర్లు నడిచే గాడి దగ్గరే వచ్చింది కాబట్టి ముఖ్యంగా దాని గురించే రాస్తున్నాను.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నేను బడిలో లెక్కలు చెబుతాను, సెలవు రోజుల్లో మా పాటల బృందంలో గిటారు వాయిస్తాను. చైత్రంలో మజ్జిగౌరమ్మ ఉత్సవాలు వస్తే మాకు తీరిక ఉండదు. నాన్న ముప్పై ఏళ్లుగా ఇళ్లకు వైరింగు పని చేస్తున్నారు. ఆయనకు మాండొలిన్ శ్రీనివాస్ అంటే ప్రాణం. పాలకొల్లులో పుట్టిన ఆ మనిషి ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ఎలా పలికించాడో వింటూ పెరిగాను. లోపల బోలు లేని గట్టి చెక్కలోంచి అంత గమకం ఎలా వస్తుందన్న ఆశ్చర్యం నాకు చిన్నప్పుడే పట్టుకుంది.

ఆ నాదం బయటికి వచ్చే దారి చిన్నదే. ఉక్కు తీగ కంపిస్తే దాని కింద ఉన్న పికప్‌లోని అయస్కాంతపు క్షేత్రం కదులుతుంది. అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. అది స్విచ్చుకు, అక్కడి నుంచి వాల్యూం, టోన్ నాబ్‌లకు, చివరికి ధ్వని పెంచే ఆంప్ వైరు గుచ్చే జాక్‌కు చేరాలి. ఇవన్నీ పలకలో, అంటే గిటారు ఒంట్లో, తలా ఒక చోట ఉంటాయి. ఒకదాని నుంచి ఇంకొకదానికి వైరు వెళ్లాలంటే చెక్క లోపల నుంచే వెళ్లాలి. బయటకు కనిపించని ఈ పనిని నేను మొదటిసారి చివరికి వదిలేశాను.

మొదటి గిటారుకు 1950లో లియో ఫెండర్ సంస్థ తెచ్చిన పలక గిటారు పద్ధతి ఎంచుకున్నాను. 44 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక, పైనుంచి తొలిచిన గుంతలు, గుంతకూ గుంతకూ మధ్య పొడవాటి డ్రిల్ బిట్టుతో వేసిన బెజ్జాలు. పలకను కోశాను, అంచులు గుండ్రంగా తీశాను, ఉప్పుకాగితం పట్టి రెండు పూతలు పాలిష్ కూడా వేశాను. మెడ వచ్చి కూర్చునే గుంత, రెండు పికప్‌ల గుంతలు చక్కగా కుదిరాయి. ఇక మిగిలింది వైరు బెజ్జమే కదా అని ఒక ఆదివారం మధ్యాహ్నం 8 మిల్లీమీటర్ల లావు, 300 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బిట్టు బిగించి, మెడ గుంతలోంచి మొదలుపెట్టాను. మెడ వైపు పికప్ గుంత దాటి, తీగల కింది కొసలను పట్టి ఉంచే బ్రిడ్జి దగ్గరి పికప్ గుంతలోకి అది రావాలి.

డ్రిల్ మిషన్ తల పలక అంచుకు తగులుతోంది. అందుకని మిషన్ వెనుక భాగం కొంచెం పైకెత్తాల్సి వచ్చింది. ఆ కొంచెం చాలు. పై నుంచి చూస్తే బిట్టు తిన్నగానే పోతున్నట్టు ఉంది కానీ లోపల అది కిందికి దిగుతోంది. దానికి తోడు పనస పోగు ఒక దిక్కుకు పోయేది కాదు, పొర పొరకూ మెలి తిరుగుతుంది. గట్టి పొర తగిలినప్పుడల్లా సన్నటి పొడుగు బిట్టు మెత్తగా ఉన్న వైపు ఒరుగుతుంది. రెండో గుంతలో బిట్టు కొన కోసం ఎదురుచూస్తుండగా కింద పెట్టిన గుడ్డ మెలిపడింది. పలక తిరగేస్తే వెనుక వైపు బెజ్జం, దాని పక్కన వేలెడు పొడుగున పెచ్చు లేచి ఉంది.

నాన్న వచ్చి ఆ పెచ్చు మీద బొటనవేలితో రాశారు. కోప్పడలేదు.

"చూడమ్మా, స్లాబు పోసేశాక పైపు వేస్తామా?"

ఆ సాయంత్రం ఆయన తన పని గురించి చెబుతూ పోయారు, నేను నోటుపుస్తకంలో రాసుకుంటూ పోయాను. ఇనుప చువ్వలు కట్టిన తరువాత, కాంక్రీటు పడకముందే పైపులు పరవాలి. మలుపు దగ్గర ఎల్బో వాడితే వైరు ఇరుక్కుంటుంది, పొడవాటి బెండు వాడాలి. సిమెంటు పాలు దిగకుండా పైపు మూతికి కాగితం కుక్కాలి. వైరు లాగడానికి లోపల ముందే ఒక జీఐ తీగ, అంటే జింకు పూత ఉన్న ఇనుప తీగ, వదలాలి. పైపులో సగానికి మించి వైర్లు నింపకూడదు, రేపు ఇంకొకటి వేయాలంటే చోటు ఉండాలి. నాకు తెలియకుండానే నా రెండో గిటారు ఆ రాత్రి కాగితం మీదికి వచ్చేసింది.

అయితే చెక్కలో స్లాబు అంటే ఏమిటి? దానికి జవాబు నాకు బొబ్బిలి దగ్గర దొరికింది. బొబ్బిలిలో మా పిన్ని ఉంటుంది. రాయగడలో రైలెక్కితే పార్వతీపురం దాటి బొబ్బిలి. ఆ పక్కనే గొల్లపల్లి, బొబ్బిలి వీణలు తయారయ్యే ఊరు. అక్కడ వీణ చేసేదీ పనస చెక్కతోనే. ఏకాండి వీణ అయితే గుండ్రటి కుండ, పొడవాటి దండి అంతా ఒకే మొద్దులోంచి తొలుస్తారు. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని కుండ లోపల ఉలితో గోరు మందం పొరలు తీస్తున్నారు. అరగంట చూశాను. ఉలి ఒక్క దెబ్బకు పొర లేస్తే, చేత్తో లోపలి గోడ తడిమి, మళ్లీ ఇంకో దెబ్బ. లోపలంతా ఆయన మనసుకు నచ్చాకే పైపలక మూస్తారు. మూశాక ఇక లోపలికి చెయ్యి పోదు.

నా గిటారు సంగతి చెబితే ఆయన శ్రద్ధగా విన్నారు. "పైన మూత పలక వేస్తే సరిపోతుంది కదమ్మా, ఒంటి చెక్కే కావాలని ఎవరన్నారు?" అన్నారు. వచ్చేటప్పుడు వీణ మెట్లు నిలబెట్టే నల్ల మైనం చిన్న ముద్ద చేతిలో పెట్టారు. అది తరువాత ఎంత పనికొచ్చిందో చెబుతాను.

గిబ్సన్ సంస్థ 1952లో తెచ్చిన లెస్ పాల్ గిటారుదీ ఇదే పద్ధతని నాకు తెలుసు. కింద మహోగనీ చెక్క, పైన మేపుల్ మూత. మూత అతికించక ముందే కింది చెక్కలో వైరు గాడి తొలిచేస్తారు. తెలిసిన సంగతే అయినా, దాని అవసరం నా చేతికి తెలిసింది మాత్రం గొల్లపల్లి అరుగు మీదే.

రెండో గిటారుకు కింద 38 మిల్లీమీటర్ల పనస, పైన 6 మిల్లీమీటర్ల టేకు అనుకున్నాను. మొత్తం 44. ముందు చార్టు కాగితం మీద అసలు కొలతకు బొమ్మ గీశాను. ఈసారి పలక ఆకారం గీయలేదు, వైరు నడిచే దారి గీశాను. ఎడమ భుజం మీద స్విచ్చు, అక్కడి నుంచి ఏటవాలుగా మెడ పికప్ గుంత మూల తాకుతూ, బ్రిడ్జి పికప్ గుంత అంచు మీదుగా, కుడి చేతి కింద ఉండే నాబ్‌ల గుంతలోకి. తరువాత ఆ దారి పోకూడని చోట్లు ఎర్ర పెన్సిల్‌తో దిద్దాను. మెడ గుంతకు అంగుళం దూరం వదలాలి, ఎందుకంటే ఆరు తీగలూ కలిసి మెడను సుమారు 45 కిలోల బలంతో లాగుతుంటాయి. బ్రిడ్జి వెనుక తీగలు దూరే ఆరు బెజ్జాలకు, బ్రిడ్జి మరలకు అడ్డు రాకూడదు. దారి ఖాయమయ్యాకే దాని చుట్టూ పలక ఆకారం గీశాను.

పాత దూలంలో మొలలు ఉంటాయి. అరిగిన స్పీకరులోని అయస్కాంతానికి దారం కట్టి చెక్క మీద వేలాడదీసి అంగుళం అంగుళం నడిపాను. ఒక చోట దారం పక్కకు వాలింది. తవ్వి చూస్తే తల విరిగిన మొల. గాడి తొలిచే రౌటర్ మిషన్‌లో నిమిషానికి వేల చుట్లు తిరిగే బిట్టుకు అది తగిలి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పాత కలపతో పని చేసేవాళ్లు ఈ ఒక్క పని మాత్రం మానకండి.

రౌటర్ మాకు తెలిసిన ఒడియా వడ్రంగిది. చెక్కలు అతికించి, చిత్రిక పట్టి చదును చేసిందీ ఆయన కొట్టులోనే. ఊళ్లో అందరూ ఆయనను బఢెయి అనే పిలుస్తారు. గాడికి చెక్క పీచు నొక్కి చేసిన 9 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ అట్టలో అచ్చు కోసుకున్నాను. రౌటర్ అడుగున 16 మిల్లీమీటర్ల గైడ్ బుష్ బిగిస్తే అది అచ్చు అంచులను పట్టుకుని నడుస్తుంది, దాని మధ్యలోంచి 10 మిల్లీమీటర్ల బిట్టు చెక్కలోకి దిగుతుంది. అందుకని అచ్చులో చీలిక 16 వెడల్పు, చెక్కలో గాడి 10 వెడల్పు. మలుపులన్నీ నాన్న చెప్పిన బెండుల్లా పొడవుగా ఉంచాను.

లోతు 14 మిల్లీమీటర్లు. పికప్ గుంత పైనుంచి 18 ఉంటుంది. మూత మందం 6 కలుపుకుంటే గాడి అడుగు పైనుంచి 20కి వస్తుంది. అంటే గుంత అడుగు కన్నా గాడి 2 మిల్లీమీటర్లు కిందుగా ఉంటుంది, పికప్ కింద వైరు నలగదు. ఈ లోతు ఒక్కసారిగా తీయకూడదు. ఒక్కో విడతకు 3 మిల్లీమీటర్ల చొప్పున దించాను. ఎక్కువ దించితే బిట్టు వేడెక్కి చెక్క మాడుతుంది, పనస మెలిపోగు దగ్గర పెచ్చులు లేస్తాయి. బిట్టు తిరిగే దిక్కుకు ఎదురుగానే నడపాలి. గుంత లోపలి అంచు వెంట అయితే గడియారం ముల్లు తిరిగే వైపు అన్నమాట. దిక్కు తప్పితే మిషన్ చేతిలోంచి ముందుకు ఉరుకుతుంది.

మూడో విడత మధ్యలో కరెంటు పోయింది. బఢెయి గట్టిగా అరిచి ముందు స్విచ్చు కట్టేయించాడు. బిట్టు గాడిలో ఉండగా కరెంటు తిరిగి వస్తే మిషన్ ఎగిరిపడుతుంది. నేనైతే బిట్టు పైకెత్తడం గురించే ఆలోచిస్తున్నాను, స్విచ్చు సంగతి తట్టలేదు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

పని ముగిసేసరికి చేతులు, బట్టలు, కనురెప్పలు అన్నీ పసుపుపచ్చగా అయ్యాయి. పనస చేవలో సహజంగానే రంగు ఉంటుంది, బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు దానితోనే అద్దకం వేసేవారు. అమ్మ నా దుపట్టా మూడు సార్లు ఉతికినా ఆ పచ్చదనం పోలేదు. ముక్కుకు గుడ్డ, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పనికి దిగవద్దు.

గాడి తెరిచి ఉండగానే చేయాల్సినవి ఇంకా ఉన్నాయి. బ్రిడ్జి కింద నుంచి నాబ్‌ల గుంత వరకు ఎర్త్ వైరు కోసం 3 మిల్లీమీటర్ల బెజ్జం వేశాను. నాబ్‌ల గుంత, స్విచ్చు గుంత వెనుక వైపు నుంచి పూర్తిగా తొలిచాను. పైన 6 మిల్లీమీటర్ల టేకు మూత మాత్రమే మిగులుతుంది కాబట్టి నాబ్ మెడలు దానిలోంచి సులువుగా పైకి వస్తాయి. గాడి లోపల రాగి రేకు అతికిద్దామా అని ఆలోచించి, మానేశాను. దాని బదులు చుట్టూ రాగి అల్లిక ఉన్న షీల్డు వైరు లాగాలని నిర్ణయించుకున్నాను. మూసేశాక లోపల రేకు ఎక్కడైనా లేస్తే బాగుచేసే మార్గం లేదు, వైరు అయితే మార్చుకోవచ్చు.

ఇక మూత. నాకు అన్నిటికన్నా భయం వేసిన ఘట్టం ఇది. రెండు చెక్క మేకులతో మూత, అడుగు చెక్క జరగకుండా ముందే కూర్చాను. ఫెవికాల్ పాత పళ్ల కుంచెతో పల్చగా రాశాను. గాడి అంచుల వెంట 6 మిల్లీమీటర్ల పట్టీ ఖాళీగా వదిలాను, క్లాంపులు బిగిస్తే జిగురు దానంతట అదే అంతవరకు పాకుతుంది. గాడి పొడవునా నైలాను దారం పరిచాను. వీణ పెద్దాయన ఇచ్చిన నల్ల మైనం ఆ దారానికి రుద్దాను, జిగురు అంటుకోకుండా. దారం మధ్యలో చిన్న గుడ్డ పీలిక ముడి వేశాను. మూత పెట్టి, పద్నాలుగు క్లాంపులు బిగించి, ఐదు నిమిషాలకోసారి దారాన్ని అటూ ఇటూ లాగాను. మొదటిసారి పీలిక మీద తెల్లటి జిగురు గుల్ల వచ్చింది. రెండోసారి తడి మాత్రమే. మూడోసారి పొడిగా వచ్చింది. పీలిక తీసేసి, దారం మాత్రం రాత్రంతా లోపలే ఉంచాను.

తెల్లవారి దారం లాగితే కదలలేదు. గుండె ఆగినంత పని అయింది. రెండో కొస పట్టుకుని మెల్లగా వెనక్కి, మళ్లీ ముందుకు లాగాను. మలుపు దగ్గర కిటుక్కుమంది. దారంతో పాటు గోరు సగమంత జిగురు పెంకు ఊడి వచ్చి బల్ల మీద పడింది. ఆ తరువాత దారం నూనె పూసినట్టు జారింది.

మూత పడ్డాక గాడి కనిపించదు, కాగితం మీది గీతే ఆధారం. పికప్ గుంతలు తొలిచే ముందు, గాడి ఉండాల్సిన చోట 3 మిల్లీమీటర్ల సన్న బిట్టుతో ఒక బెజ్జం వేసి చూశాను. టేకు పొర గరగరలాడుతూ తెగింది, ఆరు మిల్లీమీటర్లు దిగగానే బిట్టు ఒక్కసారి ఖాళీలోకి జారింది. ఆ జారుడు చేతికి తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకే పనిలోనూ కలగలేదు. గుంతలు తొలవడం, అంచులు గుండ్రం చేయడం, పాలిష్ పట్టడం వారం రోజుల్లో అయిపోయాయి. వాటి గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు.

వైర్లు లాగే రోజు నాన్న పని మానుకుని కూర్చున్నారు. రెండు పికప్‌ల నుంచి స్విచ్చుకు రెండు, స్విచ్చు నుంచి వాల్యూంకు తిరిగి వచ్చేది ఒకటి, మొత్తం మూడు. వాటి కొసలు ఒకే చోట కాకుండా మెట్లు మెట్లుగా వెనక్కి జరిపి, దారానికి కట్టి, ఇన్సులేషన్ టేపు నున్నగా చుట్టారు ఆయన. ముడి లావు కాకుండా ఉండాలంటే అలాగే కట్టాలట. నేను లాగాను, ఆయన వదిలారు. ఎక్కడా ఆగలేదు. గుంతల్లో రాగి రేకు అతికించి, అతుకు అతుకుకూ టంకం వేసి, మల్టీమీటర్ కూత వినపడేదాకా పరీక్షించాను. నాబ్‌లు 250 కిలోఓములవి, టోన్‌కు 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఎర్త్ వైర్లన్నీ వాల్యూం నాబ్ వీపు మీద ఒకే చోట కలిపాను.

ఆంప్‌కు కలపగానే జుమ్మని రొద. ఒంటి చుట్ట పికప్‌లకు మన 50 హెర్ట్జ్ కరెంటు రొద కొంత సహజమే, కానీ ఇది మరీ ఎక్కువ. తీగలు ముట్టుకున్నా తగ్గలేదు. జాక్ లోహం మీద వేలు పెడితే వెంటనే తగ్గింది. అంటే తీగలకు ఎర్త్ అందడం లేదు. బ్రిడ్జి విప్పి చూస్తే, ఎర్త్ వైరు కొస మీద పాలిష్ పూత పడి ఉంది, రాగి లోహానికి తగలడమే లేదు. బ్లేడుతో గీకి, పోగులు విప్పి విసనకర్రలా పరిచి, బ్రిడ్జి మళ్లీ బిగించాను. తీగ మీద చెయ్యి పెట్టగానే రొద అణిగింది.

తీగలు ఎర్త్‌కు కలిసి ఉంటాయి కనుకనే ఇంకో జాగ్రత్త అవసరం. పందిట్లో సాకెట్‌కు సరైన ఎర్తింగు లేకపోతే, ఒక చేత్తో తీగలు పట్టుకుని నోటితో మైకు తాకినప్పుడు షాకు కొట్టవచ్చు. నాన్న మా కార్యక్రమం ఏదైనా సరే, నేను గిటారు పెట్టె తెరవక ముందే సాకెట్ పరీక్షిస్తారు. గాడి ఎంత బాగా తీసినా ఆ పరీక్ష లేకుండా నేను వాయించను.

మొదటి పలకను పారేయలేదు. వెనుక బెజ్జంలో పనస మేకు దిగ్గొట్టి, పెచ్చు అతికించి గోడకు తగిలించాను. అది క్రమంగా పసుపు తగ్గి తేనె రంగుకు, ఇప్పుడు గోధుమ రంగుకు మారుతోంది. మేకు ఉన్న చోటు మాత్రం ఇంకా పచ్చగానే తెలుస్తుంది.

కిందటి ఏడాది రెండో గిటారుకు మెడ పికప్ మార్చాను. పాత వైరు కొసకు కొత్త వైరు కట్టి, రెండో వైపు నుంచి లాగితే పది నిమిషాల్లో పని అయిపోయింది. లాగేటప్పుడే నాన్న ఇంకో నైలాను దారం కూడా జత చేసి కట్టమన్నారు. ఇళ్లలో ఆయన ఎప్పుడూ అలాగే ఒకటి అదనంగా వదులుతారు. దాని రెండు కొసలూ ముడి వేసి, ఒకటి స్విచ్చు గుంతలో, ఒకటి నాబ్‌ల గుంతలో మడిచి పెట్టి మూతలు బిగించాను.